గోడ కన్నంలో పలికిన గొంతు

దెయ్యాల కథలు చెప్పి పదిమందికి నిద్ర లేకుండా చేసినవాడినే గాని, నేను ఏనాడూ దెయ్యాల్ని నమ్మినవాడిని కాదు. మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద ఆశ ఉండదంటారు చూడండి, అలాగ. హాంబర్గ్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే నన్ను కథ చెప్పమంటారు. గొంతులు మార్చి మరీ చెబుతాను. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇందులో నేను కట్టింది ఏదో, కట్టనిది ఏదో విడదీసి చెబుతాను. నమ్మడం మీ ఇష్టం.

కరోనా రెండో ఏడు, వేసవి చివర. జర్మనీలోనే ఎష్‌బోర్న్ అనే ఊరి నుంచి నా స్నేహితుడు రమణ, అతని భార్య పద్మ, నెలల పిల్లాడు, పద్మ తల్లి సుభద్రమ్మగారు మా ఇంటికి వచ్చారు. సుభద్రమ్మగారిది భీమవరం. కూతురి పురుడికని వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక ఇక్కడే చిక్కుకుపోయారు. ఆ మధ్యలోనే అక్కడ ఆవిడ భర్త కరోనాతో పోయారు. కడసారి చూపు కూడా ఫోన్‌లోనే. తల్లి ముందు తండ్రి మాట ఎవరూ ఎత్తకూడదని పద్మ ఇంట్లో కట్టడి చేసింది. నాకూ చెప్పింది. ఆ సంగతి నాకు తెలియదని రాసుకోగలిగితే ఎంత బాగుండేదో.

ఆవిడకి కాస్త గాలి మారుతుందని బాల్టిక్ ఒడ్డున ఒక చిన్న ఊరికి తీసుకెళ్లాం. అక్కడి పాత కోటగోడల్ని, పూర్వకాలపు కాపలా సిపాయి వేషం వేసుకున్న గైడు ఒకాయన తిప్పి చూపిస్తాడు. తలకి ఇనప టోపీ, ఛాతీకి రేకు కవచం, చేతిలో బల్లెం, మూతికి మాత్రం అందరిలాగే తెల్ల మాస్కు. వ్యాక్సిన్ సర్టిఫికెట్లు చూసుకుని, తన బల్లెం పొడవు ఎడం పాటించమన్నాడు.

ఆయన జర్మన్‌లో చెప్పేది సుభద్రమ్మగారికి తెలుగులో చెప్పడం నా పని. మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఇంతే. జర్మన్ బాగా వచ్చినవాడు ఒకడుంటాడు, వాడు ఏం చెబితే మిగిలినవాళ్లకి అదే చరిత్ర. గైడు ఇటుకల కొలతలు చెబుతుంటే నేను రాజులకి పెళ్లిళ్లు చేశాను, ఫిరంగికి దిష్టి తీయించాను.

“వీడి మాటలు నమ్మకండి అత్తయ్యగారూ. కాకిని చూపించి హంసంటాడు,” అన్నాడు రమణ.

“చెప్పనీవయ్యా, నడిచినట్టే తెలీట్లేదు,” అని నవ్వారావిడ.

తల్లి నవ్వి ఎన్నాళ్లయిందో, పద్మ నా వైపు కృతజ్ఞతగా చూసింది. ఆ చూపుకి నేను మరీ రెచ్చిపోయాను.

చివరగా సముద్రం వైపు బురుజు. పిల్లాడు ఏడుపు అందుకోవడంతో రమణ, పద్మ పిల్లల బండితో బయటే ఆగిపోయారు. లోపల గైడు, సుభద్రమ్మగారు, నేను, ముగ్గురమే. గోడలో నిలువుగా ఒక కన్నం ఉంది. తుపాకి పెట్టడానికి చేశారనీ, అవతల వైపు ఎప్పుడో ఇటుకలు పేర్చి, వెనక దిబ్బలా మట్టి పోసేశారనీ గైడు చెప్పాడు.

నేను చెప్పింది ఇది. “పూర్వం ఒక మహమ్మారి వచ్చి కోట తలుపులు మూసేశారట పిన్నిగారూ. కూతురి పురుడికని వచ్చినావిడ లోపల, మొగుడు బయట. పొద్దుగూకేసరికి ఆయన గోడ అవతలకొచ్చి, ఈ కన్నంలోంచి ‘ఏమే, చారులోకి ఉప్పెంత?’ అని కేకేసేవాడట.” ఆ మొగుడి మాట బొంగురు గొంతుతో చెప్పాను.

చెబుతుండగానే తెలిసింది, ఆవిడ బతుకునే తీసి ఆవిడకి వడ్డిస్తున్నానని. నాలుక ఆగలేదు. కథ కుదురుతోంది మరి.

ఆవిడ నవ్వలేదు. “ఇటునుంచి మాట్లాడితే అటు వినబడేదా బాబూ?” అన్నారు.

“భేషుగ్గా వినబడేదండీ.”

ఆవిడ కన్నం దగ్గరికి వెళ్లి మాస్కు దించారు. నేను ఆవిడ వెనకే ఉన్నాను. గైడు గుమ్మం దగ్గర ఉన్నాడు.

“ఏవండీ,” అన్నారు సుభద్రమ్మగారు.

గోడలోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒక మగ గొంతు, నిదానంగా, తెలుగులో, “ఆఁ... చెప్పు” అంది.

అంతే. మళ్లీ పలకలేదు. ఆవిడ మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నారు, చాలా లోగొంతుకతో. వినకూడదనిపించి నేను గుమ్మం వైపు జరిగాను. గైడు నన్ను జర్మన్‌లో అడిగాడు: “ఇప్పుడు పలికిందెవరు? మీవాళ్లు ఎవరైనా వెనక మట్టిదిబ్బ ఎక్కారా?” వెళ్లి చూశాం. దిబ్బ మీద గడ్డి, తుంపర, మనిషి జాడ లేదు. ఆవిడ బయటికి వచ్చేశాక కన్నంలో చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా వెళ్లి తడి ఇటుకలకి తగిలింది.

తల్లి ఎర్రబడ్డ కళ్లు చూసి పద్మ ఏం జరిగిందని అడిగింది. నా కథ చెప్పాను. గొంతు సంగతి చెప్పలేకపోయాను.

“మీకు కట్టడానికి ఇంకో కథే దొరకలేదా అన్నయ్యగారూ? నాన్న పోయి నాలుగు నెలలు కాలేదు,” అంది.

ఆకులు రాలే రోజుల్లో సుభద్రమ్మగారికి టికెట్ దొరికింది. క్షమాపణ అడగాలని ఎష్‌బోర్న్ వెళ్లాను. ఆవిడ పెట్టె సర్దుకుంటున్నారు.

“ఆ రోజు చెప్పిన కథ...” అని మొదలుపెట్టాను.

“నువ్వు కట్టిందేగా! ఏ జర్మనీ మొగుడు చారులోకి ఉప్పెంతని అడుగుతాడు?” అన్నారు. “అబద్ధమని తెలిసే వెళ్లాను బాబూ. ఈ ఇంట్లో ఆయన మాటెత్తితే అందరూ గదులు మారిపోతారు. ఎక్కడో ఓ చోట పిలవాలి కదా.”

తల దించుకున్నాను. ఆవిడ చీర మడత పెట్టడం ఆపారు.

“ఒక్కటి చెప్పు. పలికింది నువ్వేనా? మాస్కుంది కదా, నీ మూతి కనబడలేదు. నువ్వైనా నేనేమీ అనుకోను.”

“నేను కాదండీ.”

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఒట్టు పెట్టుకుందామనుకున్నాను. కానీ సరదా కోసం నేను పెట్టని ఒట్టు ఏదీ మిగల్లేదు. “సరేలే,” అని ఆవిడ మళ్లీ చీర అందుకున్నారు.

నమ్మారో లేదో నాకు తెలియదు. ఆ గొంతు ఎవరిదో అంతకన్నా తెలియదు. నాది మాత్రం కాదు.