భోంపు కూయని ఊళ్లో కాంతం

కాంతం హనీమూన్ ప్రయాణాన్ని గురించి టాటానగర్‌ తెలుగువాళ్ల బస్తీ భుయ్యాడీహ్‌లో మూడు కథలు చాలాకాలం చలామణీ అయ్యాయి. మొగుడూ పెళ్లాలు అసలు నేపాల్ సరిహద్దు దాటనేలేదనీ, ఇవతలి ఊరు రక్సౌల్‌లో ఎవరో చుట్టాల రైల్వే క్వార్టర్లో కూర్చుని తిరిగి వచ్చారనీ ఒకటి. దాటిన మాట నిజమే గాని, ఫారిన్ గడియారాలు దొంగచాటుగా తేవడానికే దాటారని మరొకటి. చలికి తాళలేక పెళ్లికూతురు ఏడుపు లంకించుకుంటే గడువుకు ముందే రైలెక్కారన్నది ఇంకొకటి. వీటిని ప్రచారం చేసినవారిలో ఒక్కరూ కాంతాన్ని అడగలేదు. అడిగి ఉంటే ఆమె దాచేది కాదు.

కాంతం ఆ బస్తీలోనే పుట్టింది. తండ్రికి ఉక్కు కార్ఖానాలో పని. షిఫ్టుల వేళకు కార్ఖానాలో మోగే సైరన్‌ను అక్కడ అందరూ భోంపు అంటారు. తెల్లవారుజామున ఐదింటికి అది కూసినప్పుడల్లా కాంతం దిండు చెవులకు అదుముకుని, "దీని గొంతు పడిపోను" అని తిట్టి, లేచేది. పుట్టింటి గోడ మీద పాత క్యాలెండరు ఒకటి ఉండేది. అందులో తెల్లని మంచుకొండలు, వాటి కింద మనిషి జాడ లేని లోయ. అక్కడ భోంపు ఉండదు గదా అన్నదే ఆమెకు మొదట తోచిన ఆలోచన. చూడాలన్న కోరిక ఆ తరువాత పుట్టింది.

డెబ్బై ఎనిమిది కార్తీకంలో మేనబావ దేముడితో ఆమె పెళ్లయింది. అతను టాటానగర్ లోకోషెడ్‌లో ఫిట్టరు. "గొలుసొద్దు, ఏటొద్దు బావా. ఆ కొండలు సూపించు" అన్నది కాంతం. రక్సౌల్ దాకా రైల్వే పాసు చెల్లుతుంది. ఆపైన బస్సెక్కితే నేపాల్. పాస్‌పోర్టు అక్కర్లేని విదేశం అదొక్కటే అతనికి అందుబాటులో ఉంది.

అత్తగారు బంగారమ్మకు ఈ సంగతి రుచించలేదు.

"దల్మా కొండ నేదేటే మనకి? అరుగు మీద కూకుంటే ఊరికినే కనపడతాది."

"దల్మా మీద మంచుంటాదేటత్తా?"

"మంచు తిని బతుకుతావేటి? సరే ఎల్లు. ఆ కొండ ఎలాగుంటాదో వచ్చి నాకు సెప్పాల. సెప్పలేకపోయావో, ఇంకెప్పుడూ ఏ ఊరూ ఎల్తానని నన్నడక్కు."

"అలాగే" అన్నది కాంతం.

ఖాట్మండూలో వాళ్లున్న రోజులన్నిటా లోయను పొగమంచు కప్పేసింది. ఊరి బయటి గుట్ట మీదికి పొద్దున్నే పోతే కొండలు కనబడతాయని లాడ్జి యజమాని చెప్పాడు. ఆఖరి రోజు పొద్దున ఐదున్నర బస్సుకు చోటు దొరికింది. లేపమంటారా అని ఆయన హిందీలో అడిగాడు. దేముడు నవ్వాడు. "హమ్ టాటావాలే హై భాయ్. పాంచ్ బజే అప్నే ఆప్ ఉఠ్ జాతే హై." టాటా వాళ్లం, ఐదింటికి మా అంతట మేమే లేస్తాం అని. కాంతం కూడా తల ఊపింది. అందులో గొప్పలకు పోయినదేమీ లేదు. ఇద్దరూ పుట్టినప్పటినుంచీ ఐదింటికే లేస్తున్నారు.

కాంతం కళ్లు తెరిచేసరికి గోడ మీద ఎండ పడి ఉంది. వీధిలో కూరగాయలవాడి కేక వినిపిస్తోంది.

"బావా, భోంపు కొయ్యనేదేటి?"

దేముడు లేచి కూర్చున్నాడు. "ఇక్కడ భోంపెక్కడిదే" అన్నాడు.

"ఇన్నాళ్లూ నాకు నానే లేత్తన్నాననుకున్నాను" అన్నది ఆమె.

మధ్యాహ్నం రక్సౌల్ బస్సు ఎక్కాలి. అతని సెలవు అయిపోవచ్చింది. బజారులో అతను అలారం గడియారం కొనబోతే ఆమె వద్దన్నది. తల్లి కోసం స్వెట్టరు ఒకటి కొన్నాడు. కొండల ఫొటో కార్డులు రెండు తీసుకున్నాడు.

"ఇవి సూసి సెప్పెయ్. అమ్మకేటి తెలుత్తాది?"

కాంతం ఆ కార్డులు సంచిలో పెట్టుకుంది.

తిరుగు రైలు టాటానగర్ దగ్గరి గమ్హరియా దాటాక నెమ్మదించింది. అప్పుడు దూరాన మధ్యాహ్నం రెండింటి షిఫ్టు భోంపు కూసింది. కాంతం కిటికీ ఊచలకు చెంప ఆనించి, అది ఆగేదాకా విన్నది. ఈసారి తిట్టలేదు.

గుమ్మంలో కాళ్లయినా కడుక్కోనివ్వకుండా బంగారమ్మ అడిగింది. "ఎలాగుందే కొండ?"

దేముడు సంచి వైపు చూశాడు. కాంతం కార్డులు తీయలేదు.

"సూడనేదత్తా. భోంపు నేదని తొంగుండిపోనాం. బస్సెల్లిపోయింది."

బంగారమ్మ కూలబడి నవ్వింది. పక్కింటి చిన్నమ్మి తొంగిచూసింది. "దాని గొంతు పడిపోవాలని రోజూ మొక్కినావు గదే. పడిపోయిన ఊరెల్లి సూసొచ్చినావు" అన్నది బంగారమ్మ. ఆ తరువాత నవ్వు ఆపింది. "మరి మన మాటో?"

"మాట మాటే. ఇంక అడగను."

మరునాడు ఐదింటికి భోంపు కూసింది. కాంతం దిండు కోసం వెతుక్కోలేదు. లేచి బొగ్గుల పొయ్యి ముట్టించింది.

ఆమె సరిహద్దు దాటింది. గడియారం తేలేదు. గడువుకు ముందు రాలేదు. కొండను చూడలేదు. చూశానని చెప్పే వీలు సంచిలోనే ఉండగా చూడలేదని చెప్పింది. బంగారమ్మ బతికినన్నాళ్లూ మరో ప్రయాణం అడగలేదు.