అమ్మ ముందు పళ్ళు

నాలుగింటికి గుంటూరులో పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్. ఒంగోలులో పొద్దున్నే బస్సెక్కి పదకొండుకల్లా దిగిపోయాం. ఆ ఎండలో అమ్మను అంతసేపు ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, ఆదిమానవుల ప్రదర్శన అని బ్యానర్ కనిపించిన మ్యూజియంలోకి తీసుకుపోయాను. విజ్ఞానం కోసం కాదు, ఏసీ కోసం.

వచ్చే నెల మా గృహప్రవేశం. వీడియో తీస్తారు, మా ఆఫీసు వాళ్ళంతా వస్తారు. అమ్మ ముందు పళ్ళేమో సగానికి అరిగిపోయి, మధ్యలో గాడి పడి ఉంటాయి. వాటికి తొడుగులు వేయించాల్సిందేనని నేను పట్టుబట్టాను. అమ్మ సరేనంది. నేను గట్టిగా చెబితే ఎవరైనా సరేనంటారు, మా ఆయనతో సహా.

గుడి కాదమ్మా అంటున్నా వినకుండా అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. లోపలంతా నియాండర్తల్ మనుషులు. వేల ఏళ్ళ కిందట చలిదేశాల్లో బతికి, అంతరించిపోయినవాళ్ళు. గుబురు కనుబొమలు, వెడల్పు ముక్కు ఉన్న ఆడమనిషి బొమ్మను చూసి, అచ్చం మీ మేనత్తేనంది అమ్మ. నాకు నవ్వాగలేదు. తనూ నవ్వింది, అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పక్కనే అద్దాల పెట్టెలో ఒక పుర్రె నమూనా ఉంది. దవడ పళ్ళు బాగానే ఉన్నాయి, ముందు పళ్ళు మాత్రం బాగా అరిగిపోయాయి. బోర్డు మీద రాసింది అమ్మకు చదివి వినిపించాను. వీళ్ళు తోలు శుభ్రం చేసేటప్పుడు ఒక కొస పళ్ళతో బిగబట్టి, ఇంకో కొస ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో రాతి ముక్కతో గీకేవాళ్ళట. చదువుతూ చదువుతూ నా గొంతు తగ్గిపోయింది.

అమ్మ పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర పాతికేళ్ళు పచ్చాకును కర్రలకు అల్లింది. ఒక చేతిలో ఆకు, ఒక చేతిలో కర్ర, పురికొస పళ్ళ మధ్య. ఆ పనితోనే నన్ను చదివించింది. ఇప్పుడు అద్దం దగ్గరికి వంగి ఆ పుర్రెను చాలాసేపు చూసింది.

"పాపం, ఈ మనిషి పిల్లలు కూడా నవ్వొద్దని చెప్పుంటారా?" అంది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. పదో తరగతిలో నాకు ప్రైజు వచ్చిన రోజు, ఫోటోకు నిలబడేటప్పుడు నేనే చెప్పాను, నవ్వకమ్మా, పళ్ళు కనపడతాయి అని. ఆ కొంగు నోటి మీదకు వచ్చింది ఆ రోజే. ముప్పై ఏళ్ళుగా దాన్ని ఆమె అలవాటు అనుకుంటూ వచ్చాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"తప్పు నాదేనమ్మా. పళ్ళకేం చేయించొద్దు. పద, ఇంటికి పోదాం" అన్నాను.

అమ్మ నా వంక చిరాగ్గా చూసింది. "వేయించుకోమన్నదీ నువ్వే, వద్దంటున్నదీ నువ్వే. నన్నెవరన్నా అడిగారా? నాకు జామకాయ కొరుక్కు తినాలనుందే. పదేళ్ళయింది."

భోజనం చేసి, మళ్ళీ ఆ చల్లటి హాల్లోకే వచ్చి తీరిగ్గా అన్నీ రెండోసారి చూశాం. మేనత్త బొమ్మ దగ్గర ఇంకోసారి నవ్వుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఏ తొందరా లేకుండా గడిపిన మధ్యాహ్నం అది.

నాలుగింటికి డాక్టరు కలం తీసి, మీ అమ్మగారికి ఏం చేయమంటారు మేడమ్ అని నన్నే అడిగాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఆవిణ్ణే అడగండి అన్నాను. అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుని, జామకాయ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.