సిమెంటు సంచి మీద మా బాపు

నా చిన్నప్పుడు మేం కొన్నాళ్లు రియాద్‌లో ఉన్నాం. మా బాపు ఒక కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. ముందువైపు విల్లాల్లో దొరలు, వెనకవైపు రెండు గదుల్లో మేము. ఉద్యోగాలు ముందు సౌదీ వాళ్లకేననే నితాఖత్ గండం బాపు ఎలాగో గట్టెక్కాడు గానీ, ఆ తర్వాత కుటుంబాల మీద తలకింతని నెలనెలా కట్టాల్సిన లెవీ వచ్చిపడింది. అమ్మనూ నన్నూ ఎగ్జిట్ వీసా మీద మా ఊరు జగిత్యాల పంపేసి తనొక్కడే ఉండిపోవాలని తేలింది. నాకు ఒకటే భయం, బాపు ఎలా ఉంటాడో మరిచిపోతానేమోనని. ఫోన్లో ఫోటోలు బోలెడున్నాయి. అన్నిట్లోనూ బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు బిగుసుకుపోయి ఉంటాడు. అది మా బాపే కాదు.

ఆ విల్లాల్లో బొమ్మలు గీసే ఇంగ్లండ్ ఆంటీ ఒకావిడ ఉండేది. బాపు తెచ్చిచ్చే ఖాళీ సిమెంటు సంచుల కాగితం దులిపి పరిచి, దాని మీద సుద్దముక్కతో మనుషుల్ని గీసేది. ముఖాలు ఉండేవి కావు. వంగిన నడుమో, నీళ్ల క్యాను మోసే భుజమో, అంతే. అయినా అది తోటపని చేసే చాచా అని ఇట్టే తెలిసిపోయేది. మా బాపును గీసిమ్మని బతిమాలాను. తను గీస్తే తను చూసిన మనిషే వస్తాడనీ, నా బాపు కావాలంటే నేనే గీసుకోవాలనీ నవ్వింది.

ఒక పేపర్ ప్లేటుకు బొక్క పెట్టి, సుద్దముక్క అందులో దూర్చి నాకిచ్చింది. ప్లేటు అడ్డం ఉంటే నా గీత నాకు కనబడదు. ఇక చూడాల్సింది బాపునే. ముందు బరువు ఏ కాలి మీదుందో చూడమంది.

బాపు అప్పుడే రిపేరు చేసిన ఏసీ చప్పుడు వింటూ నిలబడ్డాడు. "జల్ది కానియ్యి బిడ్డా, పనున్నది" అన్నాడు గానీ కదల్లేదు. మధ్యాహ్నపు ఎండ గోడ మీద తెల్లగా ఊగుతోంది. చప్పుళ్లన్నీ ఎటో వెళ్లిపోయాయి. బాపు ఎడమకాలి మీద ఒరిగి ఉంటాడని, కుడి భుజం కాస్త దిగి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. రోజూ చూసే మనిషిని అప్పుడే చూశాను.

ప్లేటు తీస్తే తల ఒకచోట, మెడ ఒకచోట. ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో అన్నానికి పిలవడానికి అమ్మ వచ్చింది. "ఏందే, మీ బాపు అచ్చం గిట్లనే నిలవడ్తడు గద!" అని పకపకా నవ్వి, నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ కాగితం చుట్టి అమ్మ చీరల మధ్య పెట్టుకుని తెచ్చాను. జగిత్యాలలో విప్పి చూస్తే సుద్దంతా చీరలకే అంటింది. బాపు లేడు. ఆంటీకి సుద్ద నిలవదని తెలియదా? తెలిసే ఉంటుందని ఇప్పటికీ నా అనుమానం. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాను.

"పోతే పోయింది, మళ్ల గియ్యి" అంది అమ్మ, సుద్దముక్క చేతిలో పెట్టి. వాకిట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను. ముందు ఎడమకాలు వేశాను, తర్వాత ఆ దిగిన భుజం. కళ్లు తెరిస్తే గచ్చు మీద బాపు ఏసీ చప్పుడు వింటున్నాడు. పొద్దున అమ్మ ఊడ్చేసేది, సాయంత్రం నేను గీసేదాన్ని. బాపు తిరిగొచ్చేదాకా అదే మా ఇంటి ముగ్గు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ ఫోన్లూ లేవు, ఆ ఫోటోలూ లేవు. మనవరాలి పలక మీద సుద్దముక్క కనిపిస్తే మాత్రం చెయ్యి ఊరుకోదు. ముందు ఎడమకాలు వేస్తాను. మిగతా బాపు తనే వచ్చి నిలబడతాడు.