శుక్రవారం లిస్టు

మా లైబ్రరీలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ లిస్టక్క. నేను బైండర్ని, వెనక గదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలు కుట్టుకుంటాను. ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్ద కాబట్టి చెల్లెమ్మా అంటాను. గడువు దాటినా పుస్తకం తిరిగివ్వని వాళ్ళ పేర్లు, పక్కనే ఆ పుస్తకాల పేర్లు, గుండ్రటి చేతిరాతతో కాగితం మీద రాసి ప్రతి శుక్రవారం వరండాలో నోటీసు బోర్డుకి గుచ్చడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే. తమ పేరు కనబడగానే నాలిక్కరుచుకుని మర్నాడే పుస్తకం పట్టుకొచ్చేవాళ్ళు. లైబ్రేరియన్ గారు ఎంత మొత్తుకున్నా వినని జనం ఆ కాగితానికి మాత్రం వినేవాళ్ళు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆమె సీట్లో ఉండదు. ఇల్లు వెనక రెండో సందులోనే. భర్తకి పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. ప్రెస్సులో అక్షరాలు కూర్చిన మనిషి, ఇప్పుడు కుడిచెయ్యి లేవదు, మాట స్పష్టంగా రాదు. ఆమె పరుగున వెళ్ళి, అన్నం కలిపి నోట్లో పెట్టి, మూతి తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఒంటిగంటా పదికల్లా కౌంటర్లో ఉంటుంది. మరి తను ఎప్పుడు తిన్నట్టు? అడిగితే అయిందన్నయ్యా అంటుంది. ఆ మాట నేనెప్పుడూ నమ్మలేదు.

పోయిన ఏడాది హెడ్డాఫీసు వాళ్ళకి కొత్త పిచ్చి పట్టుకుంది. జనం లైబ్రరీకి రావడం లేదు కాబట్టి లైబ్రరీయే జనం ఫోన్లలోకి దూరాలట. ప్రతి శాఖకీ సోషల్ మీడియాలో ఒక పేజీ, దానికి ఒక మనిషి. మా శాఖలో ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుంది? కాదనడం చేతకాని వాళ్ళ నెత్తిన. మూడు నెలల్లో పేజీలో పెట్టినవాటికి మొత్తం మూడువందల లైకులు రాకపోతే ఆ ఉద్యోగిని ఊరవతల గోడౌనుకి మారుస్తామన్నారు. ఎవరూ చదవని పుస్తకాలు మూటలు కట్టి పడేసే చోటది. రెండు బస్సులు మారాలి. ఇక పన్నెండున్నరకి ఆయన నోట్లో ముద్ద పెట్టేదెవరు? చెల్లెమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు, సరేనని తల ఊపి వచ్చింది.

శిక్షణ ఒక్కటే రోజు. నేర్పిన అమ్మాయి మంచిదే గానీ, నోరు చెప్పేలోపే వేళ్ళు నాలుగు పనులు చేసేసేవట. ఈవిడ నోట్సు రాసుకునేసరికి తెర మారిపోయేది. తిరిగొచ్చి పాస్‌వర్డుని కేటలాగు కార్డు మీద రాసి, ‘ప’ అక్షరం డ్రాయర్లో వరసలో పెట్టింది. నవ్వకండి, మా దగ్గర ఏదైనా పోకుండా ఉండాలంటే అక్కడే పెడతాం. కొత్త పుస్తకం వస్తే రచయిత, ముద్రణ సంవత్సరం, పేజీలు, ఎత్తు ఇరవై రెండు సెంటీమీటర్లు అని కార్డులో రాసినట్టే రాసేది. సెంటీమీటర్లు చూసి లైకు కొట్టేవాడెవడండీ? ఒకసారి ఎవరో ఆదివారం తెరుస్తారా అని అడిగారు. ఆమె జవాబు చిత్తు రాసి లైబ్రేరియన్ గారి సంతకానికి పెట్టింది. సంతకం అయ్యేసరికి సోమవారం.

పన్నెండు వారాలు గడిచినా ఇరవై ఆరు లైకులు. అందులో ఆరు మావే. రోజూ పొద్దున్నే ఆ అంకె చూసుకుని పాలిపోతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ బోర్డు మీద కాగితముందిగా, జనం ఎగబడి చూస్తారు, దాన్నే ఫోటో తీసి పడెయ్ అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదకీ నెట్టను.

పడేసింది. ఆ సాయంత్రానికే వంద దాటాయి, ఆదివారానికి నాలుగువందల పన్నెండు. పిల్లలు నాన్నల పేర్లు పట్టుకుని ఆట పట్టించారు, స్నేహితులు ఒకళ్ళనొకళ్ళు దెప్పుకున్నారు. శిక్షణ ఇచ్చిన అమ్మాయి ఫోన్ చేసి, అన్ని శాఖల్లోనూ మీదే పైన ఉందని మెచ్చుకుంది. ఆవేళ చెల్లెమ్మ నా గదికొచ్చి స్టూలు మీద కాసేపు ఊరికే కూర్చుంది. ఈ ఆరేళ్ళలో ఆమె ఊరికే కూర్చోగా చూడడం అదే మొదలు.

మంగళవారం ఒక టీచరమ్మ వచ్చింది. గురువారం తప్పకుండా వచ్చి గడువు పొడిగించుకునే మనిషి, ఏనాడూ లిస్టుకెక్కలేదు. ఆ వారం ఆస్పత్రిలో పరీక్షలుండి రాలేకపోయింది. లిస్టులో పదకొండో పేరు ఆమెది. పక్కన పుస్తకం పేరు: రొమ్ము క్యాన్సర్, తెలుసుకోవలసిన విషయాలు. ఇంట్లో ఇంకా చెప్పలేదట. కూతురి పరీక్షలు అయ్యాక నెమ్మదిగా చెబుదామనుకుందట. ఈలోగా కూతురి స్నేహితురాలెవరో ఫోన్లో చూసి, మీ అమ్మకేమైందని అడిగింది.

టీచరమ్మ అరవలేదు. పుస్తకం కౌంటరు మీద పెట్టింది. ఇప్పుడే తీసేస్తానండీ అని చెల్లెమ్మ ఎలాగో అంది.

“తీసి ఏం లాభం లెండి. చూడకూడని పిల్ల చూసేసింది,” అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడు నెలల గడువుకి ఇంకా మూడు రోజులుంది. పోస్టు తీస్తే దాని లైకులూ పోతాయి. జరిగిందేదో జరిగింది, లెక్క చూసుకున్నాక తీద్దురుగాని అన్నారు లైబ్రేరియన్ గారు. పోనీ ఆ ఒక్క పేరూ చెరిపి కొత్త ఫోటో పెట్టమన్నారు. మిగతా పేర్ల పక్కన ఎవరి గుట్టు ఏముందో నాకేం తెలుసండీ అంది చెల్లెమ్మ. నేనూ సిగ్గు లేకుండా తీయొద్దన్నాను.

“మూడు రోజులేగా చెల్లెమ్మా. అక్కడ ఆయన సంగతి ఆలోచించు.”

“ఆలోచించకుండానే తీస్తున్నానా అన్నయ్యా? ఆవిడ తాలూకు వాళ్ళలో ఇంకా చూడనివాళ్ళు ఉంటారు.”

నిజంగా తీసేయాలా అని తెర ఒకసారి అడిగింది. అవును అని నొక్కి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. బోర్డు మీద కాగితం కూడా పీకేసింది. పై వారమే బదిలీ కాగితం వచ్చింది. నేను అప్పీలు రాయిస్తానంటే వద్దంది. ఓపిక లేదన్నయ్యా అంది, అంతే.

ఇప్పుడు పన్నెండున్నరకి ఆ రెండో సందులోకి నేను వెళ్తున్నాను. పుణ్యం కోసం కాదు, నా నోటి దురదకి జరిమానా నేనే కట్టుకోవాలి. మొదటి రోజు ఆయన పళ్ళు బిగించి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. బావా, మొండితనంలో నేను నీకు తీసిపోనని తిట్టాను. ఒంటిగంట దాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ఆమె కలిపే పాళ్ళు నాకు తెలియవు, ముద్ద ఎంత చేయాలో తెలియదు. పెద్దదైతే పొలమారుతుంది. కళ్ళు మాత్రం తలుపు మీదే పెట్టుకుంటాడు.

సాయంత్రం బస్సులోంచి ఫోన్ చేస్తుంది. తిన్నాడా అని అడుగుతుంది. నిన్న, శుభ్రంగా తిన్నాడమ్మా అన్నాను.

“ఎన్ని ముద్దలు అన్నయ్యా?”

రెండు, అన్నాను.