మా పాత కారుకు ఏ ఆయిల్ పోయాలి

కారు నడపడం నేను యాభై దాటాక నేర్చుకున్నాను, అదీ సరదాకి కాదు. మా ఆయనకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ప్రత్తిపాడు నుంచి గుంటూరు బ్రాడీపేటకు డయాలసిస్‌కు తీసుకెళ్ళాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన బస్సులో కూర్చోలేరు, ఆటో గతుకులకు తట్టుకోలేరు. వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకురావాలి. అందుకని మా పాత కారు ఆగిపోకూడదు. నా దిగులంతా అదే.

ఆ కారేమో ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. తాగిందంతా నీలం పొగై వెనక నుంచి వచ్చేది. కోతల కాలంలో రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు కదా, కాయల మీద పొగ పడుతోందని కాపలావాళ్ళు కేకలేసేవారు. "ఏమ్మోయ్, అది కారా, పొయ్యా?" అన్నాడొకాయన. కోపం ముంచుకొచ్చింది గానీ, ఆగి పోట్లాడే ఓపిక ఎక్కడిది? అద్దం ఎక్కించుకుని పోయాను.

పాత ఇంజన్ అనగానే మా ఊళ్ళో అందరూ వైద్యులే. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ కట్టేస్తుందని ప్రతివాళ్ళూ చెప్పడమే. మా ఆయన ఒక్కరే వెనక సీట్లోంచి గొణిగేవారు. "కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్న నంబరు ఆయిల్ పొయ్యాలి. వయసు మళ్ళిన బండి గనక ఇంకొక్క మెట్టు చిక్కనిది పోసినా ఫర్వాలేదు. అంతకు మించొద్దు. వారానికోసారి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూసి, తగ్గితే కాస్త కలపాలి." మంచాన పడ్డ మనిషి మాట ఊళ్ళో ఎవరు వింటారు?

మా మరిది మంచివాడు. ఆ మంచితనంతోనే ఓ సాయంత్రం, ట్రాక్టర్ గేరుబాక్సులో పోసే ఆయిల్ తెచ్చి మా కారు ఇంజన్లో పోసేశాడు. "చూడు వదినా, ఇంక పొగొస్తే నన్నడుగు" అని ఇంటి ముందు ఇంజన్ రయ్యిమనిపించాడు. నిజంగానే పొగ లేదు.

మర్నాడు పొద్దున బాగా మంచు కురిసింది. బయల్దేరదామని తాళం తిప్పితే ఇంజన్ మూలిగి మూలిగి లేచింది. ఆయిల్ లైటు ఆరలేదు. లోపల టకటకమని ఒకటే చప్పుడు. "ఆపెయ్, ఆపెయ్! అంత చిక్కటిది పైకి ఎక్కేలోపు ఇంజన్ అరిగిపోద్ది" అన్నారు మా ఆయన. ఆపేశాను.

ఆ రోజు ఆటోలోనే వెళ్ళాం. వచ్చేటప్పుడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదిమిపట్టుకున్నాను. తోడొచ్చి డ్రైవర్ పక్కన కూర్చున్న మా మరిది ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అతన్ని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

మెకానిక్ ఇంటికొచ్చి ఆ జిగురంతా దింపేశాడు. వేళకి ఆపారు గనక ఇంజన్ బతికిందన్నాడు. ప్రస్తుతానికి ఏదో మామూలు ఆయిల్ పోసి, గుంటూరులో సరైనది కొనుక్కోమన్నాడు.

ఆ తర్వాతి డయాలసిస్ అయ్యాక ఆయిల్ కొట్టు ముందు ఆపాను. మా ఆయన వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు. కొట్టాయన కారు దగ్గరికే రెండు డబ్బాలు తెచ్చాడు. రెండింటి మీదా ఒకటే నంబరు.

"ఇది మామూలుదమ్మా, మూణ్ణెల్లకే మార్చాలి. ఇదేమో ఎక్కువ తిరిగిన బళ్ళ కోసం చేసింది. లోపలి రబ్బర్లు ఎండిపోకుండా చూస్తది, పొగా తగ్గుద్ది, ఏడాది వస్తది. ఇంకెన్నాళ్ళు తిప్పుతారో చెబితే దాన్నిబట్టి ఇస్తాను."

అతని తప్పేం లేదు. కారు సంగతే అడిగాడు. అది ఎవరి కోసం తిరుగుతోందో అతనికేం తెలుసు? వెనక నుంచి మా ఆయన, కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పారు.

"మూణ్ణెల్లదే ఇవ్వవయ్యా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అలిసిపోయాను, అబద్ధమెందుకు? ఆ రోడ్డన్నా, ఆ మందుల వాసనన్నా విసుగు పుట్టి, పొద్దున్నే లేవాలంటే ఏడుపొస్తుంది. అయినా ఆయన అంత తేలిగ్గా ఆ మాట అనేసరికి తట్టుకోలేకపోయాను.

"మీరు మాట్లాడకండి. నడిపేది నేను" అని నడిబజార్లో అరిచాను. కొట్టాయన బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఏడాది వచ్చేదే ఇవ్వండి" అన్నాను.