ఆదివారం ఆటగాడు మా హరిబాబు

మా తమ్ముడు హరిబాబుకి ముప్పై తొమ్మిదేళ్లు. సోమవారం నుంచి శనివారం దాకా పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. టీ అయినా పకోడీ అయినా కూర్చున్న చోటికే వస్తాయి. రెండు మెట్లెక్కితే ఆయాసం. అదే మనిషి ఆదివారం పొద్దున్నే సముద్రం పక్కనున్న మా ఊరు వెళ్లి, బండికి స్టాండు వేసీ వేయకముందే వాలీబాల్ కోర్టులోకి దూకుతాడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఎగిరినట్టే ఎగరాలట! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆడొద్దని నేనెప్పుడూ అనలేదు. ఆడమని డాక్టరు గారే చెప్పారు. కాకపోతే రోజూ అరగంట నడవమన్నారు, ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కించుకోమన్నారు, ఎండలో ఆడితే నీళ్లు తాగమన్నారు. నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దని మాత్రం రెండుసార్లు చెప్పారు. ఎందుకంటే మా నాన్న కిడ్నీలు పాడై నలభై ఎనిమిదేళ్లకే పోయాడు. నిరుడు పరీక్ష చేయిస్తే హరిబాబుకి కూడా రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా, ఒకటిన్నర దగ్గరుంది. ఇంటింటా కిడ్నీ రోగులుండే మా ఉద్దానంలో పుట్టినవాడికి దీని అర్థం వేరే చెప్పాలా?

చెప్పాలి. చెప్పినా వినడు.

పోయిన నెల బంతి కొట్టబోయి పైకి ఎగిరి, దిగేసరికి కుడి పిక్క పట్టేసింది. అప్పుడైనా ఆపాలా వద్దా? ఆపలేదు. ఒకడు కాచిన నూనె తెచ్చి, వాచిన పిక్కని రొట్టెల పిండి పిసికినట్టు పిసికాడట. నాలుగడుగుల దూరంలో చేపల పెట్టెల నిండా ఐసు ఉంది. నాలుగు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టి, పట్టీ కట్టి, కాలు ఎత్తున పెట్టి పడుకోబెట్టాలన్న ఆలోచన అంతమందిలో ఒక్కడికీ రాలేదు. పైగా "నడు బావా, నడిస్తే అదే సర్దుకుంటాది" అని మిగతా ఆట ఆడించారు. ఆ తర్వాతి ఆదివారమూ ఆడాడు, ఆ పై ఆదివారమూ ఆడాడు.

మరదలు మంగ ఫోన్ చేసి "కుంటుతున్నాడు వదినా, అడిగితే ఏటీ నేదంతన్నాడు" అని చెప్పేదాకా నాకు తెలియదు. వచ్చిన ఆదివారం నేనే బయల్దేరి కోర్టు దగ్గరికి పోయాను. నేను వెళ్లేసరికి జట్టు పెద్ద ఢిల్లీరావు అందరికీ తలో మాత్రా పంచుతున్నాడు. మా వాడు సోడాతో గుటుక్కున మింగేశాడు.

"ఒరే, ఏటి మింగినావురా?"

"మేచ్ గోలీ అప్పా. అందరం ఏసుకుంతాం. నొప్పి తెల్దు."

"నాన్న ఎలా పోనాడో మరిసిపోనావా? సిగ్గు నేదేట్రా నీకు?"

"ఒక్క గోలీకి ఏటయిపోద్ది, ఊరుకో అప్పా" అని ఢిల్లీరావు నవ్వాడు.

వాడి చేతిలో కవరు లాక్కున్నాను. దాని మీద 'తిన్నాక ఒకటి' అని రాసుంది. అది నా చేతిరాత.

పదకొండేళ్లుగా కాశీబుగ్గలో ఒక మందుల కొట్లో పని చేస్తున్నాను. రెండు నెలలుగా ప్రతి శనివారం ఢిల్లీరావు వచ్చి, వాళ్ల అత్తకి మోకాళ్ల నొప్పులని చెప్పి పది నొప్పి మాత్రలు పట్టుకెళ్తున్నాడు. ఊరివాడు కదా అని డాక్టరు చీటీ అడగలేదు. ఛీ, నా బతుకు! ఆ ముసల్దానికి ఇన్నిన్ని మాత్రలేమిటని అయినా అడిగానా?

సోమవారం రక్త పరీక్ష చేయించాం. క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి వచ్చింది. డాక్టరు గారు కాగితం చూసి, ఇలాంటి కిడ్నీలకు ఆ మాత్రలు ఇంకా చేటని కోప్పడి, "ఎవరిచ్చారయ్యా నీకివి?" అని అడిగారు.

హరిబాబు తల దించుకుని "ఎవలో ఆటకొచ్చినోలండి, పేరు తెల్దు" అన్నాడు.

కవరు మీద నా రాత వాడూ చూశాడు కదా, నన్ను కాపాడుతున్నాడట! నాకు ఇంకా మండింది. "నేనే సార్. వారానికి పదేసి, చీటీ లేకుండా నేనే అమ్మాను" అన్నాను. ఆయన నా మొహం చూసి, మాత్రలు పూర్తిగా ఆపేసి పదిహేను రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నారు.

బయటికొచ్చాక వాడు నసిగాడు. "నీ పేరు సెప్తే ఉద్యోగం పోద్దని అప్పా..."

"పోతే ఇంకో కొట్లో సేరతాను. నీకు కిడ్నీ ఏ కొట్లో కొనమంతావురా?" అని రోడ్డు మీదే అరిచాను. జనం ఆగి చూశారు. వాడు అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి మీద చెయ్యెత్తాను గానీ కొట్టలేకపోయాను. వాడికి మాత్రలు అందించింది ఆ చెయ్యే.