పెద్దత్తమ్మ చేసిన గడప పీట

అక్కలారా, నా రాత బాగుండదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. గీతలు లేని కాగితం కాబట్టి వరుసలు కూడా కిందికి జారుతున్నాయి. మన్నించి చదవండి. మా పెద్దత్తమ్మ పోయింది. పెద్దకర్మ కూడా అయిపోయింది. మన మహిళా సంఘం మీటింగులో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని లీడరక్క నన్ను అడిగింది. పదిమంది ముందు నిలబడితే నాకు గొంతు పెగలదని మీకు తెలుసు. అందుకే రాసి పంపుతున్నాను. ఎవరైనా గట్టిగా చదివి వినిపించండి.

పెద్దత్తమ్మ అంటే మా మామయ్య అన్న భార్య. పెళ్ళయిన కొత్తలోనే ఆమె భర్త పోయాడట. పిల్లలు లేరు. మా అత్తగారు చిన్న వయసులోనే చనిపోతే మా బావను, మా ఆయనను ఆమే పెంచింది. నేను కాపురానికి వచ్చేసరికి మామయ్య కూడా లేడు. అత్వెల్లి ఊరు దాటాక ఉన్న మా పెంకుటింట్లో బావ, బావ భార్య అయిన మా యారాలు, మా ఆయన, నేను, పెద్దత్తమ్మ ఉండేవాళ్ళం.

కొత్త కోడలిగా నేను తెచ్చుకున్నది ఒక రేకు పెట్టె. బట్టలన్నీ దాంట్లోనే. చీర కావాలంటే అన్నీ బయటికి తీయాలి, అందరూ చూస్తుంటే మళ్ళీ సర్దాలి. నాకు సిగ్గుగా ఉండేది కానీ ఎవరితోనూ అనలేదు. అప్పట్లో ఇంట్లో చెక్క పెట్టెతో, ముందు పక్కకు జరిగే షట్టర్లతో ఒక పాత టీవీ పాడై ఉండేది. ఒకరోజు పెద్దత్తమ్మ దాని లోపలి సామానంతా పీకి పాత సామాను బండికి వేసేసింది. పెట్టెను ఎండలో పెట్టి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, లోపల రెండు అడ్డ పలకలు బిగించింది. విరిగిన మంచం కోళ్ళను కోసి కింద కాళ్ళు పెట్టింది. తెచ్చి నా గదిలో గోడవారగా నిలబెట్టి, షట్టర్లు రెండూ మూసి చూపించింది.

"ఇగ నీ బట్టలు నీకే కనపడతయ్" అన్నది.

మా యారాలు గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఓ చెల్లె, బీరువా లేనోళ్ళకు టీవీనే బీరువా అయిందా? రోజుకో సినిమా వస్తదా అండ్ల?"

"వస్తది" అన్నది పెద్దత్తమ్మ. "టికెట్ లేనోళ్ళు బయట నిలబడి చూస్తరు."

ఆ ఇంట్లో నా వైపు నిలబడి ఒకరు మాట్లాడటం అదే మొదటిసారి. ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆమె చేతిపని మీకు నేను చెప్పేదేముంది. మీలో చాలామంది ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. పాత స్కూటరు టైర్లు రెండు ఒకదాని మీద ఒకటి కట్టి, చుట్టూ తాడు చుట్టి, పైన గోనె సంచి కుట్టి కూర్చునే మోడా చేయడం గుండ్లపోచంపల్లి నుంచి వచ్చిన అక్కకు ఆమే నేర్పింది. నూనె డబ్బాను నిలువునా కోసి, అంచులు చేతికి తగలకుండా లోపలికి మడిచి, వరండాలో కొత్తిమీర పెంచడం ఇంకొకరికి. చిరిగిన నవారును పారేయకుండా బాగున్న ముక్కలు కలిపి సంచులు కుట్టించింది. పని చేస్తున్నంతసేపూ ఇనుప మొలలు నోట్లో పెట్టుకునేది. అడిగినదానికి జవాబు కావాలంటే మొలలన్నీ అయిపోయేదాకా ఆగాలి. మనలో ఒకామె తన మగని గురించి గంటసేపు చెప్పుకుని ఏడిస్తే, ఆఖరి మొల కొట్టాక, "అవునా, మొదటిసంది చెప్పు" అన్నది. అందరం నవ్వాం. ఆ ఏడ్చినామె కూడా నవ్వింది.

పాత చెక్కకు నేరుగా మొల కొట్టనిచ్చేది కాదు. ముందు ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి రంధ్రం చేయాలి. "పాత కట్టె ఎదురు తిరుగుతది పిల్లా. జబర్దస్తీ జేస్తే పగులుతది. ముందుగాల తొవ్వ చూపియ్యాలె" అనేది. ఏదైనా పారేయబోతే చేతిలోంచి లాక్కుని, "ఒక్కసారి తలకిందులు జేసి చూసినవా?" అని అడిగేది. విరిగిన కుర్చీని తిప్పి నిలబెడితే అది కుండల స్టాండు అయ్యేది. చాలాసార్లు ఏమీ అయ్యేది కాదు. అప్పుడు ఆమే కట్టెల్లో పడేసేది. అన్నిటినీ దాచుకునే పిచ్చి మనిషేం కాదు ఆమె. మా యారాలు చుట్టాలతో అలాగే చెబుతుంది కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

తర్వాత మా వైపు పొలాలన్నీ ప్లాట్లు అయ్యాయి. మేడ్చల్ రోడ్డు నుంచి శామీర్‌పేట దాకా ఎక్కడ చూసినా రాళ్ళు పాతారు. మావాళ్ళు కూడా అమ్మారు. పెంకుటిల్లు కూల్చి అదే చోట బిల్డింగు కట్టాలని బావ నిర్ణయించాడు. ఇల్లు పూర్తయ్యేదాకా వెనక రేకుల షెడ్డు వేసుకుని అందరం అందులో ఉన్నాం.

కూల్చిన రోజు దర్వాజ తలుపులను పాత కలప కొనేవాళ్ళు తీసుకుపోయారు. కింది గడప కట్టె మాత్రం మిగిలింది. మంచి టేకు. కూలీలు దాన్ని ఇటుకలు మోయడానికి బురద మీద వేసి తొక్కుతూ నడుస్తున్నారు. పెద్దత్తమ్మ చూసి పరుగెత్తింది.

"దాని మీద కాళ్ళు పెడతార్రా! లచ్చిమి గది!"

కూలీలు భయపడి దిగారు. ఆమె, నేను చెరో వైపు పట్టుకుని షెడ్డులోకి మోసుకొచ్చాం. కడిగితే పైన పసుపు అట్లాగే ఉంది. ఎన్నో ఏళ్ళు శుక్రవారం శుక్రవారం పూసిన పసుపు చెక్క లోపలికి ఇంకిపోయింది.

"దేవుని పీట జేస్తా" అన్నది. "కొత్తింట్ల దేవుండ్లు దీని మీద కూసుంటరు."

ఆ పీట చేయడం నేను మరిచిపోలేను. చెక్క కోసేటప్పుడు వడ్లాయన కాలితో తొక్కిపట్టి కోస్తాడు కదా. అది గడప కాబట్టి కాలు పెట్టరాదు. మోకాలు ఆనించరాదు. మీద కూర్చోరాదు. అందుకని షెడ్డు ఇనుప పైపుకు తాళ్ళతో నిలువుగా కట్టి, నేను రెండు చేతులతో అదిమి పట్టుకుంటే ఆమె నిలబడి కోసేది. రంపం నాలుగుసార్లు లాగగానే తాడు వదులయ్యేది. మళ్ళీ కట్టేవాళ్ళం. వడ్లాయన ఒక పూటలో చేసేది మాకు ఎండాకాలమంతా పట్టింది. ఒకసారి నేను విసిగి కాలు ఎత్తబోతే, "ఊఁ" అని మొలల నోటితోనే గద్దించింది. మూడు మెట్ల పీట అయింది. పసుపు ఇంకిన వైపును గరుకు కాగితంతో రుద్దనివ్వలేదు. ఆ పసుపే ముందుకు కనబడేలా బిగించింది.

గృహప్రవేశానికి ముందురోజు బావ షెడ్డులోకి వచ్చాడు. పీటను చూసి తల గోక్కున్నాడు.

"పెద్దమ్మా, పాతింటి కట్టె కొత్తింట్లకు తేవద్దన్నడు అయ్యగారు. వాస్తుకు మంచిది కాదంట. నేను పాలరాయి మందిరం తెచ్చిన గద."

"నేను గూడ పాతింటిదాన్నే గద బిడ్డా. నాకేం చెప్పిండు?"

"నీకేంది? ముత్తైదువలు గడప దాటినంక, పూజలైనంక నిమ్మళంగ వస్తవు."

ఆయన వెళ్ళాక పెద్దత్తమ్మ నా వైపు తిరిగింది. "విన్నవా పిల్లా? కట్టెకు, నాకు ఒక్కటే వాస్తు చెప్పిండు" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఈ పీట వచ్చిన్నాడే నేనొస్త" అన్నది.

పూజలైనాయి. అందరూ భోజనాలు చేశారు. ఆమె రాలేదు. మేమందరం కొత్త ఇంట్లోకి మారినా ఆమె షెడ్డులోనే ఉండిపోయింది. ఊళ్ళో వాళ్ళు బావనే తప్పుపట్టారు. నిజం చెప్పాలంటే బావ ఆమెను పిలవకపోలేదు. పండుగకు పిలిచేవాడు. వాన పడితే పిలిచేవాడు.

"లోపల ఫ్యాను కింద పండుకోరాదే పెద్దమ్మా. జనం నన్ను తిడుతున్నరు."

"పీటకు ఫ్యాను పెడతవా?"

"నీ మొండితనం నీదే."

"నీది ఎవరిది మరి? నేను పెంచినదే గద."

ఒకరోజు పొద్దున టిఫిన్ల దగ్గర మా ఆయన ధైర్యం చేశాడు. నేను చాలా రోజులుగా చెప్పగా చెప్పగా. "అన్నా, ఆ పీట మేడ మీద గదిల పెట్టుకుందాం. ఎవరికి కనపడదు."

బావ చేతిలో ప్లేటు కింద పెట్టాడు. "ఒక్క కట్టె కోసం ఇంత లొల్లి ఏందిరా? ఆమెను రమ్మను, నేనొద్దన్ననా? ఆ గడప మీదికెల్లి ఎన్ని శవాలు పోయినయో ఎరుకేనా నీకు? అమ్మ పోయింది. బాపు పోయిండు. గది తెచ్చి దేవుండ్లను పెడతవా?"

ఆ మాట వంటింటి వెనక గిన్నెలు తోముతున్న పెద్దత్తమ్మకు వినపడింది. ఆమె లోపలికి రాలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, మసి చేతులతోనే నిలబడి అన్నది. "పెండ్లిండ్లు గూడ పోయినయ్ బిడ్డా. దవాఖాన్ల నువ్వు పుడితే, నిన్ను ఎత్తుకొని ఆ గడప దాటింది నేనే."

బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజే పెద్దత్తమ్మ లోపలికి వస్తుందేమోనని నేను ఆశపడ్డాను. బావ మెత్తబడతాడనుకున్నాను. ఆయన మెత్తబడలేదు, ఆమె రాలేదు. అట్లాగే ఏళ్ళు గడిచాయి. పీటను బట్ట కప్పి గోడకు ఆనించి ఉంచేది. దాని మీద తన దేవుళ్ళను కూడా పెట్టుకోలేదు. "ఇంటి కోసం జేసిన. రేకుల కింద పెడ్తనా?" అనేది.

ఈ వానాకాలం జ్వరం వచ్చింది. మందులు తెచ్చిచ్చాం. తగ్గినట్టే తగ్గింది. పొద్దున చాయ్ తీసుకుని పోయేసరికి మనిషి లేదు.

బావ బాగా ఏడ్చాడు. అబద్ధపు ఏడుపు కాదు, నేను చూశాను. డప్పులు పిలిపించాడు, పూలతో బండి కట్టించాడు. బయట చనిపోయిన మనిషిని లోపలికి తేరాదని పెద్దలు అన్నారు. కారు పెట్టడానికి పరిచిన టైల్స్ మీద ఆమెను పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళంతా అక్కడే కూర్చుని ఆమె చుట్టూ ఏడ్చారు. తర్వాత స్నానానికి నీళ్ళు కాచాలి. ఆ నీళ్ళు గ్యాసు పొయ్యి మీద కాచరాదు, బయట మూడు రాళ్ళ మీద కట్టెలతో కాచాలి. కొత్త ఇల్లు కట్టినప్పటి నుంచి మా ఇంట్లో కట్టెలు లేవు. మట్టి నేల కూడా లేదు. టైల్స్ మీదనే రాళ్ళు పెట్టారు.

"కట్టెలేవి?" అని ఎవరో అరిచారు.

"షెడ్డుల పాతయి ఉన్నయి గద, తీయుండ్రి. జల్దీ చేయుండ్రి" అన్నాడు బావ, మొహం తుడుచుకుంటూ.

నేను బిందెతో నీళ్ళు తెచ్చేసరికి గొడ్డలి దెబ్బలు వినిపించాయి. పీట మెట్లు విడిపోయి ఉన్నాయి. పసుపు వైపు చెక్క అప్పటికే రాళ్ళ మధ్యకు పోయింది.

అంతమంది మగవాళ్ళ ముందు నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. "అది గడప!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. డప్పులు కొట్టేవాళ్ళు కూడా ఆగి చూశారు.

బావ మంటలోకి చూశాడు. ఆయనకు తెలిసింది. మొహం చూస్తే తెలిసిపోయింది. అటు తిరిగి, "ఇగ అంటుకున్నది గద. కానియ్యుండ్రి, పొద్దు పోతున్నది" అన్నాడు.

మా యారాలు నా భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ చెల్లె. పోయినామె సామాను ఎట్లయినా ఇంట్ల పెట్టుకోము గద."

ఒక ముసలామె, "ఆమె గడప ఆమెకే ఆసరయింది. పుణ్యాత్మురాలు" అన్నది. ఆ మాట అందరికీ నచ్చింది. తలలూపారు. నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. ఆమె ఆ పీట చేసింది నీళ్ళు కాచుకోవడానికి కాదు.

టేకు మెల్లగా కాలుతుంది. నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టింది. నేనే ఆమె వీపు రుద్దాను. అరచేతుల్లో రంపం పట్టిన కాయలు అట్లాగే గట్టిగా ఉన్నాయి.

షెడ్డు తీసేశారు. అక్కడ కూడా టైల్స్ వేస్తారట. మూడు రాళ్ళు పెట్టినచోట నల్లగా మరక పడింది. మా యారాలు ముందు సబ్బు పెట్టి, తర్వాత యాసిడ్ పోసి తోమించింది. పోలేదు. ఇప్పుడు బావ కారును సరిగ్గా దాని మీద పెడుతున్నాడు. పొద్దున కారు గేటు దాటగానే నల్లని గుండ్రం మళ్ళీ కనబడుతుంది. నేను చుట్టూ ఊడ్చి, దాన్ని వదిలేసి వస్తాను.

అక్కలారా, ఇదంతా రాశానని మా ఇంట్లో తెలిస్తే నేను అక్కడ ఉండటం కష్టం. చదవడం అయిపోగానే ఈ కాగితాన్ని కాల్చేయండి. మట్టి మీద కాల్చండి. టైల్స్ మీద కాలిస్తే మరక పోదు.